కేసముద్రం రోడ్డు ఖాళీ

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు, కాజీపేట స్టేషన్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద, అంత జనం నడుస్తుండగానే ఏజెంట్ వెంకట్రాజాన్ని కాల్చేశారు. పిస్టల్‌కు సైలెన్సర్ ఉంది. ఎవడూ తల తిప్పలేదు. ఎవడి రైలు వాడికి ముఖ్యం మరి! ప్రాణం పోయే ముందు ఆయన చీఫ్‌కు ఒకే మెసేజ్ పంపాడు: "స్కానర్ పద్మలత సైకిల్ సీటు పైపులో."

ఈ ఉదయం ఆరున్నరకు, వరంగల్‌లో ఒక దర్రీ తివాచీల షాపు వెనక గదిలో చీఫ్ సదానందం బల్ల గుద్దాడు.

"నువ్వు టైముకు పోతే వెంకట్రాజం బతికేటోడు."

ఏజెంట్ జీవన్ రాత్రంతా తనను తాను అదే మాట అనుకుంటున్నాడు. ఇంకొకరి నోట వింటే మాత్రం ఒళ్లు మండింది.

"ఇను. ఏడుగురు సైకిళ్ల మీద పోతాండ్రు. ఏటూరునాగారం అడవి, నేపాల్, ఆ పైన ఇంకో నాలుగు దేశాలు. హైవేలు వద్దంట. లారీలు తిరగని తొవ్వలు, సరిహద్దు పక్క పల్లె రోడ్లే ఏరుకున్నరు. లీడర్ పద్మలత, కొత్తవాడ మగ్గపోళ్ల బిడ్డ. మూడేండ్ల ప్లానింగ్. ఆ పిల్లకేం తెల్వదు. తొవ్వల ఉన్న ప్రతి ఆర్మీ పోస్టు సిగ్నల్ ఆ స్కానర్ రికార్డ్ చేస్తది. సెక్టార్ నైన్ ముఠా దాన్ని అమ్ముకుంటది."

"బార్డర్‌లో దొరికితే?"

"గూఢచారి అంటరు. ఉరి."

"స్కానర్ పీకేద్దాం సార్."

"పీకితే దారిల ఇంకోటి పెడ్తరు. పెట్టిన చెయ్యి దొరకాలె. ఎనిమిదింటికి టూర్ స్టార్ట్. రూట్ మ్యాప్ గీసిన తేజస్విని ముఠాలో మన ఇన్‌ఫార్మర్. ఆమె చెప్పినట్టు చెయ్."

జీవన్‌కు ఒక సైకిల్ పంపు ఇచ్చాడు. హ్యాండిల్ నొక్కితే మత్తు సూది దూసుకుపోతుంది. ఒక్కటే సూది.

ఏడున్నరకు ఖిలా వరంగల్ అవతల టూర్ క్యాంపులో, గ్రీజు చొక్కా వేసుకున్న కొత్త మెకానిక్‌ను చూసి పద్మలత కస్సుమంది.

"ఎవరన్నా నువ్వు? నా సైకిల్ ముట్టకు. నీళ్లు యాడ దొరుకుతయి, ఎత్తు యాడుంది, ఏ దేశంల వీసా ఎన్ని రోజులు, మూడేండ్ల సంది రాసుకున్న. మొన్నటిదాంక వీసాల కోసం ఢిల్లీలనే పడున్న. ఇప్పుడు ఎవ్వలన్న చెడగొడితే ఊరుకోను."

జీవన్ వెనక్కి తగ్గాడు. అప్పుడే నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు వాసనతో తేజస్విని వచ్చింది. అందగత్తె, సందేహం లేదు. ఆ నవ్వే వాడికి నచ్చలేదు.

"దీనికి ఎన్ని గేర్లు?" అంది.

"ఎన్నున్నా వెనక్కి పోయే గేరు లేదు." కోడ్ కలిసింది.

ఆమె గొంతు తగ్గించింది. "స్కానర్ పెట్టింది పాత మెకానిక్. నిన్నే పారిపోయాడు. వాడి వెంట పడండి. ఇక్కడ మీకు పని లేదు."

ఇంతలో పద్మలత నోట్‌బుక్ పట్టుకొని వచ్చింది. "అక్కా, మొదటి రోజు తొవ్వ నిన్న చూసినవా?"

"చూశాను. ఇక్కడి నుంచి కేసముద్రం దాకా సైకిల్ మీదే వెళ్లాను. మూడు నుంచి ఐదు వరకు. రోడ్డు పూర్తిగా ఖాళీ. ఎక్కడా బ్రేక్ వేయలేదు."

పద్మలత పెన్ను ఆగిపోయింది. "ఖాళీనా? నవంబర్లనా?"

జీవన్ లేచి నిలబడ్డాడు. వాడిది స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. కోతలయ్యాక ఈ చుట్టుపక్కల ఏ పల్లె రోడ్డైనా రైతుకు కల్లమే. సగం తారు మీద వడ్లు, మక్కలని పిలిచే మొక్కజొన్న గింజలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆర్టీసీ డ్రైవర్ కూడా నోరు మూసుకొని పక్క నుంచి పోతాడు. అది శాటిలైట్ మ్యాపులో కనిపించదు.

"రోడ్డు మీద ఆరబోసిన మక్కలు మీకు అడ్డం రాలేదా మేడం? మీరు ఆ దారి తొక్కనేలేదు. వెంకట్రాజాన్ని కాల్చిన నాలుగింటికి కాజీపేట బ్రిడ్జి మీద ఉన్నారు, అందుకే ఈ కట్టుకథ."

తేజస్విని నవ్వు ఆరిపోయింది. మరుక్షణం పద్మలతను ఒక్క తోపు తోసి, స్కానర్ ఉన్న ఆమె సైకిలే ఎక్కి తొక్కింది. స్కానర్ జీవన్‌కు చేజిక్కితే ముఠా గుట్టంతా దొరుకుతుందని ఆమెకు తెలుసు. జీవన్ పంపు నొక్కాడు. ఆ ఒక్క సూది పోయి గుడారంలో గుచ్చుకుంది. థూ!

చేతికి దొరికిన సైకిల్ మీద వాడు, ఇంకో దాని మీద పద్మలత వెంటపడ్డారు. "నా సైకిల్!" అని ఆమె అరుస్తూనే ఉంది. కోపంలో జీవన్‌ను కూడా దాటేసింది.

రెండు కిలోమీటర్లు. ముఠా కారు ఆగి ఉన్న మలుపు కనబడింది. తేజస్విని వెనక్కి చూసి నవ్వింది. ముందుకు చూసేసరికి చక్రం ముందే పసుపు పచ్చగా మక్కలు.

చక్రం జారింది. తేజస్విని బోర్లా పడింది. అది చూసి కారు ఆమె కోసం ఆగకుండా పారిపోయింది. లేస్తూనే ఆమె పిస్టల్ తీసి, ముందొచ్చిన పద్మలత నుదుటికి గురిపెట్టింది.

"ఇంకో అడుగు వేస్తే ఈ పిల్ల ఉండదు!"

జీవన్ సైకిల్ అక్కడే ఆపేశాడు. నిన్న వెంకట్రాజం, ఈ రోజు ఈమె. ట్రిగ్గర్ మీద తేజస్విని వేలు బిగుసుకుంది.

ఠప్!

మక్కలు నెరిపి ఆరబెట్టే కట్టె ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ ఎగిరి పొలంలో పడింది. కట్టె పట్టుకున్నది మల్లవ్వ. ఆ మక్కలకు కాపలా ఉన్న ముసలి రైతు.

"నీ కండ్లు మండ! ఆరు నెల్ల కష్టం బూట్లతోని తొక్కుతవానే? బొమ్మ తుపాకి చూపిస్తే బెదురుతననుకున్నవా?"

అది బొమ్మ కాదని ఎవరూ చెప్పలేదు.

పది నిమిషాల తర్వాత జీవన్ సీటు పైపు విప్పి స్కానర్ బయటకు తీశాడు. పద్మలత నోట్‌బుక్‌లో 'ఖాళీ' అని సగం రాసింది కొట్టేసి, 'మల్లవ్వ మక్కలు. దిగి నడవాలె' అని రాసుకుంది. సీటు తానే బిగించుకుంది, వాడిని ముట్టనివ్వలేదు. గింజ తొక్కకుండా సైకిల్ నడిపించుకుంటూ మక్కలు దాటి, అవతల ఎక్కి కూర్చుంది. వాడు చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు.

చీఫ్ ఫోన్. "దొరికిందా?"

"దొరికింది సార్."

"జల్ది తీస్కరా!"

"రాలేను సార్. చెదిరిన మక్కలన్నీ ఏరి కుప్ప చేసేదాకా మల్లవ్వ మమ్మల్ని కదలనిస్తలేదు."

పక్కనే, బేడీలు పడ్డ చేతులతో తేజస్విని కూడా ఏరుతోంది. కట్టె మల్లవ్వ చేతిలోనే ఉంది.