దరోగా గారి ఫైలు

పొద్దున్న ఏడింటికే గున్నమ్మ ఉప్మా దించి, పెట్టెలోని నేతచీర తీసి కట్టుకుంది. 1996 మార్చిలో వచ్చిన ఆ సోమవారం కోసం దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు ఊళ్లో, క్యాంప్ 2లోని ఆ రెండు గదుల ఇల్లు ఏడాదిన్నరగా ఎదురుచూసింది.

అప్పట్లో పవర్ హౌస్ బజారులో ఎవరిదో సైకిలు పోతే, అటుగా వస్తున్న ఆమె భర్త కొండలరావును దరోగా, అంటే అక్కడి ఎస్సై, ఠాణాకు లాక్కుపోయాడు. దొంగ వేరే వాడని సాయంత్రానికి తేలింది. ఈలోగా కొండలరావు మణికట్టు విరిగింది. ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి ఆనాటి నుంచి వీధిలోకి రావడమే మానేశాడు. ఫిర్యాదు చేస్తే విచారణ జరిగిందన్నారు. ఏం తేలిందని అడిగితే మాత్రం గోప్యమన్నారు. చివరికి వకీలు ఇందుమతి దుర్గ్ కోర్టులో కేసు వేసి, ఆ విచారణ ఫైలు తెచ్చి చూపించాలని ఆర్డరు తెప్పించింది. ఫైలు విప్పేది ఈవేళే.

"ఎల్లకమ్మా," గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు కొడుకు రాజాబాబు. "ఆ దరోగాని ట్రాన్స్‌ఫర్ చేసేసినారు కదా! ఆ కాగితాల్లో ఏటుంటే మనకేటి?"

"మీ నాన్న చెయ్యి విరిగితే సర్కారోళ్లు ఏటని రాసుకున్నారో నాకు తెలవాల. తప్పుకో."

"వద్దంటుంటే!"

"నీకెందుకురా అంత భయం?"

రాజాబాబు తల వంచుకున్నాడు. "అందులో నా సంతకం ఉందమ్మా. నన్ను ఠాణాకి పిలిచి, దొంగల లిస్టులో ఎక్కించేస్తానన్నాడు దరోగా. నాన్న మెట్ల మీంచి పడ్డాడని రాసి పెట్టాడు. సంతకం చేసేశాను."

గున్నమ్మ చెయ్యెత్తింది. మంచం మీదున్న కొండలరావు గబుక్కున లేచి మధ్యలోకొచ్చాడు.

"కొట్టకే! నన్ను కొట్టినోడే ఈడినీ బెదిరించినాడు." కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ నువ్వు నా మాట నమ్మలేదనుకున్నానురా. భయపడ్డావు, అంతే కదా?"

రాజాబాబు తండ్రి భుజం మీద వాలి భోరుమన్నాడు. గున్నమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఏడుపు చాలు. చొక్కా మార్చుకో. మాకు చెప్పిందే జడ్జీ గారికీ చెబుదువు గాని."

"నేనూ వస్తాను," అన్నాడు కొండలరావు, చెప్పులు వెతుక్కుంటూ.

కోర్టులో ఇందుమతి ఫైలు చదువుతుంటే అందరూ చెవులొగ్గి విన్నారు. కొండలరావు కంటే ముందే ఇంకో ఇద్దరు అదే దరోగా మీద ఫిర్యాదు చేశారు. రెండింటినీ ఒకే మాటతో మూసేశారు: మెట్ల మీంచి జారి పడ్డాడు.

రాజాబాబు బోనెక్కాడు.

"ఆ ఠాణాకి అసలు మెట్లే లేవు సార్. మా నాన్న పడలేదు. నన్ను బెదిరించి సంతకం పెట్టించుకున్నారు."

మేజిస్ట్రేటు ఆ మాట రాయించుకుని, ఫైలు నకలు ఈ కుటుంబానికి ఇవ్వమన్నాడు.

మూడింటికి నకలు చేతికొచ్చింది. కోర్టు బయట రాజాబాబు దాన్ని పేజీ పేజీ తిరగేశాడు.

"నాన్నా, ముందు ఫిర్యాదు చేసిన ఈ ఇద్దర్లో ఒకాయనది ఇక్కడికి దగ్గర్లోని ఉతై ఊరు. ఆయనకీ ఇది చూపించాల. రేపెల్దామా?"

"రేపేటిరా?" కొండలరావు అప్పటికే రోడ్డు మీదకొచ్చి ఆటో కోసం చెయ్యెత్తాడు. "ఇప్పుడే పద!"