ఇరవై ఏడో కవరు

కాళ్లు కుట్టుమిషను తొక్కుతున్నాయి గాని, ఆమె చెవులు రెండూ ముందుగదిలోనే ఉన్నాయి. అక్కడ చెల్లెలూ, కూతురు చిట్టీ పొద్దున్నే కాగితాలు ముందేసుకుని ఒకటే నవ్వులు. పదహారేళ్ల పిల్ల తనతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తే లేదు. ఆ కడుపుమంటలో ఎవరిదో జాకెట్టుకి చెయ్యి తిరగేసి కుట్టేసింది.

చెల్లెలు పరిశోధకురాలు. పిల్లలు సిగరెట్ల జోలికి ఎందుకు పోతున్నారో, పోకుండా ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి ఐదు ఊళ్ల కాలేజీలు కలిసి మొదలుపెట్టిన పనికి ఆమే పెద్ద. ఏ ఊరి సర్వే ఆ ఊరివాళ్లే చేసుకోగలిగేలా కుర్రవాళ్లకు శిక్షణ ఇస్తోంది. ఈ ఊరి వంతు రావడంతో పదిరోజులుగా అక్క ఇంట్లోనే మకాం.

చిట్టి సంచీ తగిలించుకుంటూ మిషను దగ్గరికి వచ్చింది. "అమ్మా, పిన్ని ఆ కుర్రవాళ్లకి మొదట ఏం నేర్పుతుందో తెలుసా? ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టాలట. అందాకా నోరు మెదపకూడదు, మొహం మాడ్చకూడదు. నీవల్ల అవుతుందా?"

"నాకు పనుంది. వెళ్లి మీ పిన్నికే చెప్పుకో."

చిట్టి మొహం చిన్నబుచ్చుకుని బడికి వెళ్లిపోయింది.

చెల్లెలు స్నానానికి వెళ్లింది. ముందుగదిలో బల్ల మీద అంటించిన కవర్ల కట్ట ఉంది. శిక్షణ కోసం చిట్టి క్లాసువాళ్లు నింపిన ఫారాలవి. వాటి మీద పేర్లుండవు, పిల్లలు వేసుకున్న నంబర్లే. కానీ ఇరవై ఏడు మీద ఆమె చూపు ఆగిపోయింది. ఏడు అంకెకి నడుము మీద అడ్డగీత గీసే అలవాటు చిట్టికి తప్ప ఎవరికుంటుంది? పిన్నికి చెప్పుకునేదేదో, తల్లికి చెప్పలేనిదేదో చూద్దామని కత్తెర తీసుకుంది.

'ఎప్పుడైనా సిగరెట్టు తాగారా?'

'రెండుసార్లు.'

ఆమె ఆ జవాబు మళ్లీ చదివింది. చెల్లెలు తల తుడుచుకుంటూ రాగానే విరుచుకుపడింది. "నా కూతురు సిగరెట్టు తాగుతుంటే నా దగ్గర దాస్తావా? దాని తల్లిని నేనా, నువ్వా? పొద్దున లేస్తే పిన్ని, పిన్ని! చిన్నప్పుడు నాన్న ఒళ్లో నన్ను కూర్చోనిచ్చావు కాదు, ఇప్పుడు నా పిల్లని కూడా లాగేసుకుంటావా?"

చెల్లెలు చూపు కత్తిరించిన కవరు మీద పడింది. నిర్ఘాంతపోయింది. "విప్పేశావా అక్కా? ఇంట్లోవాళ్లెవరూ చూడరని ఆ పిల్లలకి మాటిచ్చాను."

"ముందు నాకు జవాబు చెప్పు!"

"నాకేం తెలీదే. అది నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ కాగితం ఇలా ఇవ్వు."

ఇవ్వబోతుంటే చివరి ప్రశ్న ఆమె కంట పడింది. 'మానడానికి సాయం కావాలంటే ముందు ఎవరికి చెబుతారు?'

చిట్టి రాసింది: 'అమ్మకి. ఆవిడ అరవకుండా ఉంటే.'

ఆమె బల్లకి ఆనుకుని అలాగే కూలబడింది. ఎంతసేపో ఏడ్చింది. "మీ ఇద్దర్నీ చూసి కుళ్లి చచ్చానే," అంది చివరికి.

చెల్లెలు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. "ఈ ఫారం లెక్కలోకి రాదు. సర్వే చేసే మావాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్పాలి. చిట్టికి మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

సాయంత్రం చిట్టి వచ్చేసరికి తల్లి మిషను ఆపి కూర్చుని ఉంది.

"నీ కవరు విప్పాను. తప్పు చేశాను," అంది.

చిట్టి మొహం పాలిపోయింది.

"సిగరెట్టు ఎందుకు తాగావమ్మా?"

ఒకటి. రెండు. మూడుకే కోపం గొంతుదాకా వచ్చింది. దిగమింగింది. ఆరు దగ్గర చిట్టి గుమ్మం వైపు తిరిగింది. చెయ్యి పట్టుకు లాగాలనిపించినా కదల్లేదు. పది అయిపోయింది. పిల్ల ఇంకా నోరు విప్పలేదు. ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

నాలుగు దగ్గర చిట్టి వెనక్కి వచ్చి, గుడ్డముక్కల మధ్య కింద కూర్చుని తల్లి మోకాలి మీద తల పెట్టింది.

"అరవవు కదా?"

ఆమె అడ్డంగా తల ఊపింది. నోరు తెరిస్తే ఏడుపు ఆగదని, లెక్కపెడుతూనే ఉంది.