పనసచెక్క పిడి

చాంగీ బిజినెస్ పార్క్‌లో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. చేతిపని విషయంలో మాత్రం నేనే పెద్ద తప్పు. మేకు కొడితే మేకుకు తప్ప అన్నిటికీ దెబ్బ తగిలేది. అలాంటివాణ్ణి కత్తి చేయడానికి పూనుకున్నానంటే కారణం మా ఆవిడ నిఖిల.

సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీదున్న రోజులు. హైదరాబాద్‌లో తనకీ ఉద్యోగం బాగానే ఉంది. నేను దేశం కాని దేశంలో, పుంగ్గోల్ ఫ్లాట్‌లో టీవీతో మాట్లాడుతూ బతుకుతున్నాను.

"ఇంట్లో కత్తుందా?" అంది ఒకరోజు ఫోన్లో.

"ప్లాస్టిక్‌ది ఉంది. కేకు డబ్బాలో వచ్చింది."

"అయితే ఉద్యోగం మానేసి వచ్చి దేంతో కొయ్యను, నీ తలకాయతోనా? కాపురం చేసే ఉద్దేశం ఉందని ఒక్క రుజువు చూపించు. రాజీనామా ఇచ్చేస్తాను."

"నా చేత్తో చేసి చూపిస్తా" అనేశాను. నోరు జారడంలో నేనెప్పుడూ గడువుకు ముందే.

బ్లేడు తయారుగా దొరికింది. మిగిలినవి పిడి, పిడికీ బ్లేడుకీ మధ్య బిగించే లోహపు కట్టు. బోల్‌స్టర్ అంటారు, మన రోకలి పొన్నులాంటిది. పిడికి దుప్పికొమ్ము చూశాను. వంకాయలు కోసే కత్తికి మరీ వేటగాడి వేషం. నల్లచేవ చెక్క ధర విని దాన్ని గౌరవంగా కింద పెట్టేశాను.

ఆ వారమే మా బ్లాకు కింద రామదాసు అంకుల్ కనిపించాడు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మాట చివర ఇక్కడివాళ్ళలాగే 'లా' తగిలిస్తాడు. ఈమధ్యే పోయిన అక్క ఆదెమ్మ సామాను పారేస్తున్నాడు. అందులో ఒక కత్తిపీట.

"చెక్క కావాలా తంబీ? తీసుకో లా. మంచి పనస. అక్క రోజూ దీనిమీద కాలేసి కూర్చుని నలుగురికి సరిపడా కోసేది."

"ఇంట్లో నలుగురుండేవారా?"

"ఒక్కతే. తలుపు బార్లా తీసి పెట్టుకునేది. ఎవరన్నా వస్తే మకాన్, అదే భోజనం, పెడదామని. ఎవరొస్తారు?"

చెక్క మధ్యలో మడమ ఆనినచోట చిన్న గుంట. ఏళ్ళ తరబడి అరిగి నున్నగా ఉంది. బొటనవేలు ఆనించడానికి బాగుంటుందని సరిగ్గా ఆ ముక్కే కోశాను. నా తెలివి అలాంటిది.

బోల్‌స్టర్ ఇత్తడితో వేశాను. కత్తి ఎందుకో బరువనిపించింది. తప్పు ఇత్తడిదేనని తేల్చి, ఊడదీసి అల్యూమినియం బిగించాను.

ఇంకా బరువెక్కింది.

ఆ ఆదివారం పొగ కమ్మింది. సుమత్రాలో అడవులు తగలబడితే పుంగ్గోల్‌లో కిటికీలు పసుపుపచ్చగా మారతాయి. ఎదుటి బ్లాకు కనిపించడం మానేసింది. మధ్యాహ్నమే మునిమాపులా ఉంది. కిటికీలు మూశాను, తలుపు గడియ పెట్టాను. అయినా కాలిన ఆకుల వాసన లోపలికి వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన... పచ్చి వంకాయ కోసినప్పటి వగరు. ఇంట్లో ఉన్నది ఒక్క ఉల్లిపాయ.

వంటగది నేలమీద పేపరు పరిచి, పిడిని ఉప్పుకాగితంతో చివరిసారి రుద్దాను. ఉల్లిపాయ కోసి, ఫోటో తీసి నిఖిలకు పంపాలి. పిడి పట్టుకుని ఎత్తబోయాను.

రాలేదు.

జిగురు అంటుకుందేమో అనుకున్నాను. కాదు. పైనుంచి బరువు. నా వేళ్ళమీద. మెల్లగా... కుదురుగా... చెక్క కదలకుండా ఎవరో మడమ ఆనించినట్టు. చల్లగా ఉంది. పగుళ్ళు కూడా తెలుస్తున్నాయి.

"ఎవరు?" అన్నాను.

కరక్... కరక్... నా చెవి పక్కనే ఏదో తీరిగ్గా తెగుతోంది.

హాల్లో ఫోన్ మోగింది. కరకర ఆగింది. లేస్తున్న ఎవరివో మోకీళ్ళు పటుక్కుమన్నాయి. "అమ్మయ్యా..." అని ముసలి నిట్టూర్పు. వేళ్ళమీది బరువు పోయింది.

ఫోన్ మోగుతూ మోగుతూ మధ్యలో ఆగింది.

కత్తి వదిలేసి, మొద్దుబారిన వేళ్ళు చాలాసేపు నులుముకున్నాను. మళ్ళీ మోగింది. హాల్లోకి వెళ్ళి తీశాను. నిఖిల.

"పెద్దావిడ తోడున్నారని చెప్పవేం? నేనేమో నువ్వు పస్తులుంటున్నావని బెంగపడుతున్నాను!"

"ఏ... పెద్దావిడ?"

"ఇందాక ఫోన్ తీసినావిడ. ఎంత ఆప్యాయంగా మాట్లాడారో. అబ్బాయికి వేళకి వండి పెడతాను, నువ్వు రానక్కర్లేదమ్మా, నేనున్నాగా అన్నారు. నీ కత్తి చూశాక ఇద్దామని రాసిపెట్టుకున్న రాజీనామా చింపేశాను. ఇంకో ఏడాది చూద్దాంలే."

"నిఖిలా... ఇక్కడ ఎవరూ లేరు."

"చాల్లే వేషాలు. వెళ్ళు, పిలుస్తున్నారు. వినపడట్లేదా?"

పెట్టేసింది.

నాకేమీ వినపడలేదు. వంటగదిలోకి తొంగి చూశాను. ఉల్లిపాయ పెట్టినచోటే ఉంది. కత్తి లేదు. పేపరు పక్కన గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో వంకాయ ముక్కలు. నలుగురికి సరిపడా.

వెనక నుంచి పొగ వాసన గుప్పున కొట్టింది. తిరిగి చూశాను. నేను గడియ పెట్టిన తలుపు బార్లా తీసి ఉంది.

బయట పొగలో ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడు... తర్వాత ఇంకెవరో.