తెరమీది గుండెచప్పుడు

కుర్చీ చూపించినా నర్సు అడెరో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, "బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంది మేడమ్. తెరమీద నా కళ్లతో నేను చూశాను," అంది.

కిసుము పట్టణంలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే మొగుళ్ల వెంటపడి ఫొటోలు తీసేవాళ్లని జనం లెక్క. అలాంటి బేరాలతో వచ్చినవాళ్లను డిటెక్టివ్ జిపోరా నెకేసా తన ఆఫీసులోంచి కసిరి పంపేస్తుంది. ఆమె సహాయకుడు ఒచోలాకు ఆ కసురుడు కూడా ముద్దే. ఆవిడ తప్పు చేయగా అతను ఇంతవరకు చూడలేదు.

"కూర్చో చెల్లీ. మొదటినుంచి చెప్పు," అంది నెకేసా.

అడెరో పనిచేసే ప్రసూతి వార్డులో న్యబోకే అనే ఆమె బిడ్డ కడుపులోనే పోయింది. వార్డులో ప్రతి తల్లి పొట్టకూ ఒక పట్టీ కడతారు. లోపలి గుండెచప్పుడు ఆ పట్టీలోంచి ఒకే యంత్రానికి చేరుతుంది. యంత్రం దాన్ని రికార్డు చేసి, ఎవరి గీత వారికి తెరమీద గీస్తుంది. రికార్డులో న్యబోకే బిడ్డ గుండె నెమ్మదిగా దిగజారి ఆగిపోయింది. తెరమీద మాత్రం గీత బాగానే ఉందని అడెరో అంటోంది. దీనిమీద జరిగే విచారణలో ఓడిపోతే ఆమెకు ఉద్యోగంతో పాటు నర్సు లైసెన్సూ పోతుంది, జైలు కూడా తప్పదు.

"యంత్రం అబద్ధం చెప్పదంట. అంటే అబద్ధాలకోరును నేనేగా?"

"ఆ రోజు తెరమీద వింతగా ఏమైనా కనిపించిందా?"

అడెరో ఆలోచించింది. "పక్క మంచం ఆవిడ బాత్రూమ్‌కని లేచి పట్టీ విప్పింది. అప్పుడు న్యబోకే గీత కూడా పడిపోయింది. కరెంటు అనుకున్నా. ఆవిడ వచ్చి మళ్లీ కట్టుకోగానే లేచింది."

నెకేసా టీ కప్పు పక్కన పెట్టేసింది. ఒచోలాకు ఏమీ అర్థం కాలేదు గాని, ఆవిడకు అర్థమైందని మాత్రం తెలిసిపోయింది.

యంత్రం తయారుచేసిన కంపెనీ సరస్సు ఒడ్డున ఉంది. పట్టీల నుంచి చప్పుడు అందుకునే అసలు ప్రోగ్రాము ముటీసో అనే కుర్రాడు రాసింది. అందులో ఇమిడ్చిన స్క్రిప్ట్ ఇంజిన్ అనే చిన్న ప్రోగ్రాము చెలీమో అనే అమ్మాయిది, తెరమీద గీతలు గీసేది అదే. నెకేసా ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టింది.

"చప్పుడు రాగానే మెమరీలో ఒకచోట పెడతాను. రికార్డుకెక్కిస్తాను. ఆ చోటు ఇంజిన్‌కి చూపిస్తాను. నా పని అంతే," అన్నాడు ముటీసో.

"తర్వాత ఆ చోటు ఎవరిది బాబూ?"

"నాదే. చూడమన్నాను గాని రాసిచ్చేశానా ఏంటి?"

అదే ప్రశ్నకు చెలీమో ఆశ్చర్యపోయింది. "నా చేతికొచ్చాక నాదే కదా మేడమ్. నేను గీసేదాకా అతను ముట్టుకోడు."

"అలాగని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. అడగాలని కూడా తోచలేదు. మొదట్లో నేను వచ్చిన ప్రతి చప్పుడుకీ నకలు చేసుకుని, దాన్ని చూసి గీసేదాన్ని. దానికి టైము పట్టి, కొనేవాళ్లొచ్చిన రోజు తెర ఆగాగి నడిచింది. డైరెక్టర్ గారికి తల కొట్టేసినట్టయింది. ఆ నకలు చేయడం మానెయ్యమన్నారు."

"నకలు మానేశాక పరీక్షించారా?"

"ఆ. ఒక పట్టీతో."

మర్నాడు నెకేసా అందరినీ వార్డుకే రప్పించింది. కంపెనీ డైరెక్టర్ కరాంజా గడియారం చూసుకుంటూ, వార్డు పెద్దనర్సు మేట్రన్ రోజిలిన్ నడుంమీద చేతులు వేసుకుని నిలబడ్డారు. మంచాలన్నీ నిండి, తల్లులందరూ పట్టీలతోనే ఉన్నారు. నెకేసా ఇంకో పట్టీ ఒచోలా మణికట్టుకు కట్టింది. చివరిది మందుల బల్ల కాలికి కట్టింది.

తెరమీద బల్ల పేరుతో ఉన్న గీత కాసేపు పడుకునే ఉంది. ఆ తర్వాత లేచి కొట్టుకోసాగింది.

"బల్లకి గుండె వచ్చిందేంటి," అంది మేట్రన్.

"ఒచోలా, పట్టీ విప్పు."

అతను విప్పాడు. బల్ల గుండె ఆగిపోయింది. ముటీసో ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బండి హోటల్లో నువ్వు తింటుండగానే కంచం లాగేసి, అందులో ఇంకొకరికి వడ్డిస్తే ఎలా ఉంటుంది? ఇక్కడ జరిగిందదే," అంది నెకేసా. "ముటీసో న్యబోకే బిడ్డ చప్పుడు రికార్డుకెక్కించాడు. అది నిజమైన రికార్డే. ఇక ఆ చోటుతో పనైపోయిందనుకుని పక్క మంచం చప్పుడు అందులోనే నింపాడు. రద్దీలో వెనకబడ్డ ఇంజిన్ అప్పుడొచ్చి, న్యబోకేదనుకుని దాన్ని గీసింది. ఒక్క పట్టీ అయితే తన చోటులో తన చప్పుడే మళ్లీ పడుతుంది గనక పరీక్షలో దొరకలేదు. అడెరో చూసింది పక్కావిడ బిడ్డ గుండెని. ఆ చోటు ఎవరిదో వీళ్లిద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. కాపాడే నకలుని మాన్పించింది మీరు, కరాంజా గారూ."

చెలీమో ఏడుస్తోంది. ఒచోలాకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఆ ముఖాలు చూసి ఊరుకున్నాడు.

"ఆ నకలేదో మళ్లీ పెట్టించేస్తాం, ఇంకేం," అన్నాడు కరాంజా.

"కుదరదు సార్." చెలీమో తల ఎత్తలేదు. "అమ్మకానికి చేసిన వాటిలో మెమరీ తక్కువున్న చిన్న చిప్ వేయించారు కదా. నకలుకి చోటు లేదు. ఒక్క పట్టీ కడితేనే ఇది నిజం చెప్తుంది."

"కొత్త యంత్రం అడిగితే పైవాళ్లు వచ్చే ఏడాది చూద్దామంటారు. నాకు తెలియని భాగోతమా ఇది," అంది మేట్రన్. అడెరో వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీమీద మచ్చ లేదని విచారణలో నేనే చెప్తాను. ఇప్పుడే డ్యూటీలోకి రా తల్లీ. ఇంకో నర్సు లేదు."

"న్యబోకేకి ఇదంతా ఎవరు చెప్తారు?" అని అడిగింది అడెరో.

నెకేసా కిటికీ వైపు తిరిగింది. ఆవిడ దగ్గర మాట లేకపోవడం ఒచోలా చూడటం అదే మొదటిసారి.

మేట్రన్ బల్లకున్న పట్టీ విప్పి, మంచం మంచానికీ వెళ్లి తల్లుల పట్టీలన్నీ విప్పింది. ఒకటి మాత్రం తెచ్చి అడెరో చేతిలో పెట్టింది. "మిగతావాళ్లకి పొట్టమీద చెవిగొట్టం పెట్టి విను, ఎంతమందికి వినగలిగితే అంతమందికి. ఇది ఎవరికి కట్టాలో నువ్వే చూసుకో."

అడెరో పట్టీ పట్టుకుని మంచాల మధ్య నిలబడింది. తల్లులు ఆ మాటలన్నీ విన్నారు. మూల మంచంమీద పడుచుపిల్ల ముందుగా దుప్పటి తొలగించి, తనకే కట్టమన్నట్టు పొట్ట చూపించింది. ఆమెను చూసి పక్కామె, ఆ పక్కామె, ఒకరి తర్వాత ఒకరు అందరూ తొలగించారు.