దుర్గం మీద దొంగ కంట్రోల్

"...కాదమ్మా అశ్వితా, నేను చెప్పే కథలో ఉత్త కొండ అని రాయబాక. ఉదయగిరి దుర్గం అని రాయి. మల్లికార్జునను పంపింది ఆడికే."

ఆత్మకూరులో ఎరువుల అంగడి వెనక గది. ఏజెంట్ మల్లికార్జున కూర్చోకముందే చీఫ్ వరప్రసాదం విషయానికి వచ్చాడు. విదేశీ ముఠా ఒకటి దుర్గం మీద ట్రాన్స్‌మిటర్ పెట్టింది. కంట్రోల్ రూం గొంతుతో పైలట్లకు దొంగ ఆర్డర్లు ఇవ్వబోతోంది. మబ్బులో ఉన్న విమానాన్ని దిగమంటే చాలు, ఎదురుగా కొండ. ఆ తర్వాత దేశంలో ఏ పైలటూ రేడియోను నమ్మడు.

"ఆడ మన మనిషి ఎవరన్నా ఉండారా సార్?"

"గోపిక. వాళ్లకూ పనిచేస్తాది, మనకూ పనిచేస్తాది. ఎవరి మనిషో నాకే తెలీదు."

మరునాడు ఉదయగిరి సంతలో మల్లికార్జున గొర్రెల బేరగాడు. చేతికర్రలో రేడియో సెట్, చెవిలో జొన్నగింజంత ఇయర్‌ఫోన్. నల్ల కళ్లద్దాలతో గోపిక జీపు దిగి, కొండ మీద విందుకని ఒక పొట్టేలు అడిగింది. సంతలో ధర పైకి చెప్పరు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఆమె కూడా చెయ్యి పెట్టేసరికి పక్కనున్న ఇంకో బేరగాడు మునెయ్య నోరు తెరిచాడు.

"ఏందిరా ఇది, పొట్టేలు బేరమా, పెళ్లి బేరమా?"

ఆమె వేళ్లు ధర చెప్పలేదు. ముఠా దూరబోయే ఫ్రీక్వెన్సీ అంకెలు చెప్పాయి. నిజమో అబద్ధమో తేల్చుకునే దారి లేదు.

పొట్టేలును తోలుకుంటూ ఆమె వెంట దుర్గం ఎక్కాడు. పైకి చేరగానే ఆమె అతన్ని పాత కొట్టులోకి నెట్టి తలుపేసింది. పొట్టేలుతో సహా.

బయట మబ్బు కమ్మింది. చేతికర్రలోని సెట్‌ను ఆమె చెప్పిన అంకెలకు తిప్పగానే పైలట్ గొంతు వినిపించింది. వెంటనే దొంగ గొంతు అందుకుంది. మల్లికార్జున బటన్ నొక్కాడు.

"దిగబాక సార్. ఎదురుగా కొండ ఉండాది."

వేలు తీశాడు. రెండు గొంతులు కలిసి కీచుమనడం తప్ప ఏమీ తెలియలేదనీ, మళ్లీ చెప్పమనీ పైలట్ అడుగుతున్నాడు. మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే జవాబు. తన మాట చేరడం లేదు. అయితే వాళ్ల మాటా చేరదు. ఇక చెప్పడం మానేసి, బటన్ నొక్కి పట్టుకున్నాడు.

నొక్కినంతసేపూ తనకూ ఏమీ వినపడదు. అసలు కంట్రోల్ మాట కూడా ఆగిపోతుంది. పైలట్ చెవిలో ఏ ముక్క పడిందో, దిగుతున్నాడో లేదో తెలియదు. తలుపు కదలదు. పొట్టేలు మోకాళ్లను పొడుస్తోంది. వేలు తిమ్మిరెక్కింది. విమానం మోత దగ్గరైంది. పైకప్పు మట్టి రాలింది. అతను కళ్లు మూసుకున్నాడు.

మోత తల మీదుగా దక్షిణానికి సాగిపోయింది.

తలుపు తీసింది గోపికే. చేతిలో పిస్టల్.

"నన్నెందుకు మూసినావు?"

"బయటుంటే కాల్చేసుండేవోళ్లు. నువ్వు అడ్డం పడే కొందికి సెట్టు చెడిపోయిందని అందరూ దాని మీదికి వంగినారు. అప్పుడే నాకు సందు దొరికింది. వాళ్లను కట్టేసినా."

"విమానం?"

"దిగలా. మాట అర్థం కాకపోతే ఉన్న ఎత్తు వదలకూడదంట వాళ్లు."

అతని వేలు ఇంకా బటన్ మీదే ఉంది. గోపిక మెల్లగా విడదీసింది.

"కథ అంతేనమ్మా అశ్వితా. దీన్ని కలిగిరిలో మీ దేవకమ్మ అత్తకు చదివి వినిపించు. ఫోన్లో గాదు, పోయి వినిపించు. ఫోన్లో ఆమె మనల్ని మాట్లాడనీదు."