మంచినీళ్ళ గ్లాసు

ఆమె మేడ మీది గదిలో గ్లాసుల్లోని నీటిపురుగులకు డ్రాపర్‌తో మేతగా ఆకుపచ్చటి పాచినీళ్ళు పోస్తోంది. కంటికి ఆనీ ఆనకుండా గెంతే ఆ పురుగులే ఇంట్లో సంపాదనపరులని నాన్న అంటుంటాడు. ఫ్యాక్టరీల రసాయనాలు ఏట్లో కలిస్తే అందులో బతికేవాటికి ఏమవుతుందో పరీక్షించి చెప్పే చిన్న ల్యాబ్ ఆయనది.

నేల తుడిచే కొత్త లిక్విడ్ తయారుచేసిన కెమిస్టు మూడోసారి వచ్చాడు. ముందు రెండుసార్లూ పరీక్ష పాడైంది. లిక్విడ్ కలపని మంచినీళ్ళ గ్లాసులో కూడా పురుగులు చచ్చిపోయాయి. అక్కడ బతికితేనే మిగతా గ్లాసుల లెక్క నిలుస్తుంది.

అది విషమని తేలకుండా అతనే ఏదో చేస్తున్నాడనీ, ఈసారీ చెడితే గుమ్మం ఎక్కనివ్వననీ నాన్న పొద్దున్నే చెప్పాడు. ఒక దొంగ కోసమా తను పరీక్ష రోజుల్లో రెండుసార్లు జడ వేసుకుంటున్నది అని ఆమెకు ఒళ్ళు మండింది.

అతను మంచినీళ్ళ గ్లాసు మీదికి వంగాడు. గుప్పున సెంటు వాసన.

"చెయ్యి ఇటివ్వండి," అంది.

అడగడమే ఆలస్యం, ఇచ్చేశాడు. వేళ్ళ నిండా సెంటే.

"ఈ వేలు నీళ్ళలో పెట్టారా?"

"ఒకటి మునిగిపోతుంటే పైకి లేపుదామనీ..."

"మునగడం, తేలడం వాటి పనే. మరి లిక్విడ్ గ్లాసుల్లోవాటిని లేపలేదేం?"

అతను తల గోక్కున్నాడు. "మీరు అటువైపు నిలబడరు కదండీ."

ఆమె నవ్వు బిగబట్టి, చేతులు కడుక్కు రమ్మంది. పరీక్ష మొదలుపెడుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంది. బుద్ధిగా నిలబడ్డాడు.

రెండు రోజుల తర్వాత ఫలితం చూడ్డానికి వచ్చాడు. మంచినీళ్ళలో పురుగులన్నీ గెంతుతున్నాయి. ఒక్క చుక్క లిక్విడ్ పడ్డ గ్లాసులో కూడా అన్నీ చచ్చి అడుక్కి చేరాయి. ఆమె గ్లాసులు వదిలేసి అతని మొహమే చూసింది.

"ఏడాది కష్టమండీ," అన్నాడు మెల్లగా. "అయినా దీన్ని ఇలా అమ్మకూడదు. మా మేనేజర్‌కి నేనే చెప్తాను." మళ్ళీ ఆమెవైపు తిరిగి, "లిక్విడ్ మార్చి తెస్తే మళ్ళీ పరీక్ష చేయాలి కదా?" అన్నాడు ఆశగా.

"శాంపిల్ లేకపోయినా రావచ్చు. సెంటు మాత్రం వద్దు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న నాన్న లోపలికొచ్చి, రిపోర్టు మీద సంతకం పెట్టాడు. అతన్నీ, కూతుర్నీ ఒకసారి మార్చి మార్చి చూశాడు. వీధిలో కొట్లన్నీ మూసి ఉండే ఆ ఆదివారం మధ్యాహ్నం, కిందికి దిగి బజారు సంచీ చేతికి తగిలించుకుని, కూరలు తేవడానికి ఆలస్యమవుతుందని పైకి కేకేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.