చంద్రకళ చేతిలో రెండు లక్షల ఓమ్స్

రెండు లక్షల ఓమ్స్. మూడోసారి కూడా అదే నంబర్.

చంద్రకళ రెండు ఇత్తడి కడ్డీలు పట్టుకుని నిలబడింది, సిటీ బస్సులో రాడ్ పట్టుకున్నట్టు. ఎదురుగా ట్రే మీద వాళ్ళ నాన్న సింహాద్రి. నిన్న పోయాడు. ట్రే వెనకాల ఎలక్ట్రిక్ ఫర్నేస్. దాని తలుపు తెరుచుకోవట్లేదు.

ఎందుకో చెప్తా ఆగండి. ఇది 2051 కాకినాడ. ఎవడి శవాన్నో ఎవడో తెచ్చి, మా బాబాయ్ అని ఏడ్చి కాల్చేసి, ఇన్సూరెన్స్ లాగడం ఎక్కువైపోయింది. దాంతో ఫర్నేస్‌కి బంధువు లాక్ పెట్టారు. సొంతమనిషి పోతే అరచేతులు చెమట పడతాయంట. చెమటలో ఉప్పుంటే కరెంట్ ఈజీగా పోద్ది. కడ్డీల మధ్య రెండు వోల్ట్‌లు పెట్టి, చేతుల్లోంచి ఎంత కరెంట్ పోయిందో మెషిన్ చూస్తుంది. వోల్టేజీని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్. అంతే, టెన్త్ క్లాస్ లెక్క. యాభై వేల ఓమ్స్ కన్నా తగ్గితే నీకు బాధ ఉన్నట్టు.

చంద్రకళ చేతుల్లోంచి పోయేది పది మైక్రోఆంప్స్. రెండు వోల్ట్‌లని దాంతో భాగించండి. రెండు లక్షలు. అంటే మెషిన్ లెక్కలో ఆవిడ దారినపోయే మనిషి.

నాలుగేళ్ళు మంచంలో ఉన్న మనిషికి అన్నం తినిపించి, డైపర్లు మార్చింది ఈవిడే.

"ఏడవ్వే!" అని మేనత్త లక్ష్మీకాంతం వీపు మీద ఒకటిచ్చింది. "ఒక్క చుక్క రాదేంటే నీకు? రాయా?"

"రావట్లేదత్తా."

"నీకు పప్పులో ఉప్పు తగ్గితే ఏడుపొస్తుంది కదే!"

"అదీ రావట్లేదు ఈ మధ్య."

లాక్ కనిపెట్టిన డాక్టర్ శశిరేఖ అక్కడే ట్యాబ్ పట్టుకుని ఉంది. కొత్త మెషిన్ కదా, మొదటి వారం చూసుకోడానికి వచ్చింది.

"షాక్ కొడుతుందని భయమా అమ్మా?" అంది. "రెండు వోల్ట్‌లు ఇంటూ పది మైక్రోఆంప్స్. ఇరవై మైక్రోవాట్లు. దీనికి దోమ కూడా చావదు."

"మరి లోపల?"

"లోపల కాయిల్‌కి రెండొందల నలభై వోల్ట్‌లు, యాభై ఆంప్స్. పన్నెండు వేల వాట్లు."

"ఇంత చిన్నది అంత పెద్దదాన్ని ఆపేస్తుందాండీ?"

"అదే దీని గొప్ప. ఇంకో పావుగంటలో తెరుచుకోకపోతే బాడీ ఫ్రీజర్‌కి వెళ్తుంది, పోలీసులు ఎంక్వైరీ చేసేదాకా."

"ఫ్రీజర్‌కి వద్దండి," అంది చంద్రకళ. కూరగాయలబ్బాయికి వంకాయలొద్దని చెప్పినట్టే చెప్పింది. "ఆయనకి చలి పడదు. రోహిణి కార్తెలో కూడా ఫ్యాన్ ఆపమనేవాడు."

చెప్పేసి కడ్డీలొదిలేసింది. లక్ష్మీకాంతం చీర దోపుకుని వచ్చి పట్టుకుంది. "అన్నయ్యా! నన్నొదిలేసి పోయావా!" అని గోడలు అదిరేలా ఏడ్చింది. మూడు లక్షలు. హాల్లో ఏసీ ఫుల్లు మరి. ఏడుపుంది గానీ కరెంట్ లేదు.

"దొంగ మెషిను," అంటూ కడ్డీలు వదిలేసి ముక్కు చీదింది.

అప్పుడే ఆస్పత్రి నుంచి బాడీని తెచ్చిన వ్యాన్ డ్రైవర్ నూకరాజు లోపలికొచ్చాడు. బయట టైరు పంక్చరైతే ఎండలో మార్చుకుని వచ్చాడు. చొక్కా పిండితే బకెట్ నిండుద్ది. "అమ్మా, సంతకం పెట్టేత్తే ఎల్లిపోతానండీ," అంటుండగానే కళ్ళు తిరిగాయి. చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది కడ్డీలు.

యాభై మైక్రోఆంప్స్. నలభై వేల ఓమ్స్.

"మీ బాధను గుర్తించాం," అంది మెషిన్, చాలా మర్యాదగా. "మీ పేరు, ఫోన్ నంబర్ చెప్పండి."

ఆస్పత్రి గేటు దగ్గర రోజూ చెప్పే అలవాటేమో, గడగడా చెప్పేశాడు. తలుపు తెరుచుకుంది. ట్రే లోపలికెళ్ళిపోయింది. కాయిల్ ఎర్రబడింది. స్క్రీన్ మీద పడింది: అతి దగ్గరి బంధువు, నూకరాజు.

"ఇది తప్పు కదండీ!" అంది లక్ష్మీకాంతం.

శశిరేఖ ట్యాబ్‌లో రీడింగ్ మళ్ళీ తీసి చూసుకుంది. "రెసిస్టెన్స్ కరెక్టుగానే కొలిచింది," అంది మెల్లగా. "దానికి బాధ అని పేరు పెట్టింది మేం."

చంద్రకళ మాత్రం డ్రైవర్‌కి మంచినీళ్ళిచ్చి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి ఖాళీ మంచం మీద దుప్పటి మడత పెట్టింది. ఏమీ అనిపించలేదు. ఏడాదంతా అంతే. ఆఫీసుకెళ్ళింది, వచ్చింది.

సంవత్సరీకం రోజు పొద్దున్నే ఫోన్.

"అక్కా, నేను నూకరాజుని. వ్యాన్ డ్రైవర్ని. మీ నాన్నగారి సంవత్సరీకమని శ్మశానం నుంచి నాకు మెసేజొచ్చిందండి. మీకూ వచ్చిందా?"

"నాకు రాదు. నేను బంధువుని కాదుగా."

"మరి నేనేం చెయ్యాలక్కా? మెషిన్ నా పేరే రాసింది కదా. ఏం చెయ్యకపోతే తప్పేమో అని పొద్దున్నుంచీ టీ కూడా తాగలేదండి."

"ఏం వద్దు. ఆయనకి బంగాళాదుంప వేపుడంటే పిచ్చి. కాస్త మాడాలి. అది తిను, చాలు."

మధ్యాహ్నం ఫోటో పంపాడు. స్టీలు కంచం, అన్నం, పక్కన బాగా మాడిన వేపుడు. కింద మెసేజ్: "ఫ్యాన్ కూడా ఆపేసి తిన్నానక్కా. ఆయనకి చలి పడదని ఆవేళ వ్యాన్ దగ్గర మీ మేనత్తగారు చెప్పారు."

చంద్రకళ ఫోటో పెద్దది చేసి చూడబోయింది. వేలు జారింది. మళ్ళీ జారింది. స్క్రీన్ నిండా తడి.

అరచెయ్యి చీరకి తుడుచుకుంది. అయినా జారుతూనే ఉంది.